ఉన్న కాపోనే కోసి సగం కాపో చేసుకోవడం, దానితో వాయించడం

మా మేనకోడలు విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. ఒకరోజు మా ఇంటికి వచ్చి నా గిటార్ ఒళ్లో పెట్టుకుని, కుడిచేతి చిటికెనవేలితో పక్కన దేనికోసమో తడిమి, "మావయ్యా, దీనికి తాళం తీగలు లేవా?" అని అడిగింది. వీణకి తీగలు ఏడు. వాయించేవి నాలుగు, పక్కన తాళానికి మూడు. ఆ మూడింటినీ ఎవరూ మెట్ల మీద నొక్కరు, అవి స-ప-స అంటూ శ్రుతిని నిలబెడుతుంటాయి, దాని మీద రాగం నడుస్తుంది. గిటార్‌కి అలాంటి తీగలు లేవు, కానీ ఒక చిన్న ఉపాయంతో తెప్పించుకోవచ్చు. దాన్నే పార్షియల్ కాపో అంటారు, నేను సగం కాపో అంటాను. ఈ ఉపాయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, మీకు అంత ఆలస్యం కాకూడదని ఇది రాస్తున్నాను.

మామూలు కాపో మీకు తెలిసిందే, గిటార్ మెడకి తగిలించే బిగింపు. ఏదో ఒక ఫ్రెట్ దగ్గర, అంటే మెట్టు దగ్గర, ఆరు తీగల్నీ కలిపి నొక్కి పట్టుకుంటుంది, పాట శ్రుతి పైకి వెళ్తుంది, మనం కార్డులకి, అంటే కలిపి మోగించే స్వరాలకి, వేసే వేళ్ల ఆకారాలు మాత్రం అవే ఉంటాయి. సగం కాపో ఆరింటినీ నొక్కదు. కొన్నిటిని నొక్కి మిగతావాటిని వదిలేస్తుంది. అంతే తేడా, కానీ ఆ తేడాతో గిటార్ వేరే వాద్యంలా మోగుతుంది.

లెక్క చూడండి. లావు తీగ నుంచి సన్న తీగ వరకు, అంటే ఆరో తీగ నుంచి ఒకటో తీగ వరకు, మామూలు ట్యూనింగ్ ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఇప్పుడు రెండో ఫ్రెట్ దగ్గర మధ్యలోని ఐదు, నాలుగు, మూడో తీగల్ని మాత్రమే నొక్కితే ఎ కాస్తా బి అవుతుంది, డి కాస్తా ఇ అవుతుంది, జి కాస్తా ఎ అవుతుంది. వేలు పెట్టకుండా వరసగా మీటితే ఇ, బి, ఇ, ఎ, బి, ఇ. ఇ ని షడ్జమం అనుకుని మన భాషలో చెప్పుకుంటే స, ప, స, మ, ప, స. అందులో ఆరు, ఐదు, నాలుగు తీగలు చూడండి, స-ప-స. మా మేనకోడలు వెతికిన తాళం తీగలు అవే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. డి-ఎ-డి-జి-ఎ-డి అని ఒక ప్రసిద్ధమైన ట్యూనింగ్ ఉంది, దాన్ని రెండు ఫ్రెట్లు పైకి జరిపితే సరిగ్గా ఇవే స్వరాలు వస్తాయి. అందుకని రెండూ ఒకటే అనుకుంటారు. ఖాళీ తీగలు మీటినంతసేపూ ఒకటే, వేలు పెట్టిన మరుక్షణం వేరు. ఆ ట్యూనింగ్‌లో మూడు తీగల్ని మర తిప్పి వదులు చేస్తారు కాబట్టి ఆ తీగల మీద ప్రతి స్వరం చోటు మారిపోతుంది, మీరు ఏళ్ల తరబడి నేర్చుకున్న కార్డులన్నీ మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. సగం కాపోతో ఏ తీగా వదులు కాదు. కాపోకి ఇవతల, అంటే గిటార్ బొజ్జ వైపు, ఏ ఫ్రెట్ మీద ఏ స్వరం ఉండేదో అదే ఉంటుంది. మారేది ఖాళీ తీగల మోత మాత్రమే. నేర్చుకున్నది ఏదీ వృథా కాదు, నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం రావడానికి అదే కారణం.

సరే, దీనికోసం వెంటనే ఏదీ కొనకండి. మీ దగ్గరున్న క్లిప్ కాపోతోనే మొదటి ప్రయోగం చెయ్యొచ్చు. మామూలుగా దాన్ని లావు తీగ వైపు నుంచి పెడతాం. ఈసారి తిప్పి, కింద సన్న తీగ వైపు నుంచి పెట్టండి, రెండో ఫ్రెట్ దగ్గర, కొస ఐదో తీగ దాటి ఆగిపోయేలా కాస్త వెనక్కి లాగి. ఆరో తీగకి అసలు తగలకూడదు. ఇప్పుడు డి కార్డ్ ఆకారం వేసి ఆరు తీగలూ మీటండి. మామూలు డి కార్డ్‌లో ఆరో తీగ కొట్టకూడదని కదా మనకి నేర్పించింది, ఇప్పుడు ధైర్యంగా కొట్టొచ్చు, ఎందుకంటే కాపో వల్ల అది ఇ కార్డ్, కింద మోగేది ఖాళీ ఇ తీగ. ఆ అడుగు స్వరం గది నిండా పరుచుకుంటుంది. తర్వాత జి ఆకారం వెయ్యండి, ఎ కార్డ్ మోగుతుంది, ఆరో తీగ మీద మీ వేలు ఎప్పుడూ పడే చోటే పడుతుంది, అంటే కాపో నుంచి మూడో ఫ్రెట్, మొదట్నుంచి లెక్కేస్తే ఐదో ఫ్రెట్. ఆరో తీగని నిజంగా డి కి దించే ట్యూనింగ్‌లో అయితే ఆ జి కోసం వేలు రెండు ఫ్రెట్లు ముందుకి చాచాలి, ఇక్కడ ఆ బాధ లేదు. ఎ ఆకారం వేసినప్పుడు మాత్రం ఆరో తీగని వదిలెయ్యండి. ఇ మైనర్ ఆకారంలో ఆరో తీగ కొడితే కార్డ్ కాస్త మెత్తబడి సెవెంత్‌లా వినిపిస్తుంది, కొన్ని పాటలకి అదే బాగుంటుంది, మీ చెవికి వదిలేస్తున్నాను.

ఈ ఐదు తీగల పద్ధతితో ఒక వారం వాయించండి. నచ్చితే అప్పుడు మూడు తీగల కాపో చేసుకుందాం, అసలు పని అక్కడుంది.

పనికి ఒక చవక కాపో కావాలి. రెండు మూడు వందల్లో దొరికే స్ప్రింగు కాపో చాలు, పాతదైతే ఇంకా మంచిది, ఎందుకో చెప్తాను. మీరు రోజూ వాడే మంచి కాపోని మాత్రం కొయ్యకండి. కొత్త బ్లేడు వేసిన కట్టర్, సన్నటి గుండ్రటి ఆకురాయి ఒకటి, చదునైన ఆకురాయి ఒకటి, సాండ్ పేపర్, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, మార్కర్. ఇనుప సామాన్ల షాపులో ఇవన్నీ దొరుకుతాయి. మెటల్ కొయ్యాల్సి వస్తే హాక్సా బ్లేడు, బిగించి పట్టుకోవడానికి వైస్. వైస్ ఇంట్లో లేకపోతే దగ్గర్లో వెల్డింగ్ షాపుకి వెళ్లి ఒక్క నిమిషం పని అని అడిగితే కాదనరు.

ముందు గుర్తులు పెట్టుకోవాలి. పాత కాపో మంచిదన్నాను కదా, దాని రబ్బరు మీద తీగలు నొక్కుకున్న ఆరు గాట్లు ఉంటాయి, అవే మీ కొలత. కొత్తదైతే తీగల మీద రెండో ఫ్రెట్ దగ్గర సుద్దముక్క రుద్ది, కాపో పెట్టి గట్టిగా నొక్కి తీస్తే రబ్బరు మీద గీతలు పడతాయి. మామూలు ఎకూస్టిక్ గిటార్‌కి రెండో ఫ్రెట్ దగ్గర ఒక తీగకీ పక్క తీగకీ మధ్య ఎడం సుమారు ఏడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. మూడు తీగల్ని పట్టుకునే రబ్బరు 20, 21 మిల్లీమీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది, రెండు కొసలూ దాదాపు రెండు తీగల నడిమధ్యలో ఆగాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. కొస మరీ ఎక్కువైతే వదిలేసిన తీగకి తగిలి డబ్ మంటుంది, తక్కువైతే పట్టుకోవాల్సిన తీగ జారి జుయ్ మంటుంది. నేను మొదటిసారి కోసినప్పుడు తొందరలో రబ్బరు మరీ ఎక్కువ తీసేశాను, మూడో తీగ సగం మాత్రమే నొక్కుకుని ప్రతి కార్డులోనూ గీరుకునేది, ఆ ముక్క పారేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకని ఎప్పుడూ గుర్తు కంటే ఒక మిల్లీమీటరు వదిలి కొయ్యండి, మిగిలింది సాండ్ పేపర్‌తో రుద్దుకుంటూ రండి.

చాలా కాపోలకి రబ్బరు ఒక తొడుగులా ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది. ఊడి వచ్చే రకమైతే మీ అదృష్టం, బయటికి తీసి చెక్క మీద పెట్టి కొయ్యొచ్చు, తప్పు కోసినా తొడుగు ఒక్కటే పోతుంది. కోసిన మూడు తీగల ముక్కని మెటల్ పట్టీ మీద దాని చోటులో పెట్టి, జారకుండా కింద డబుల్ సైడ్ టేపు అంటించండి. అతికించేసిన రకమైతే పట్టీ మీదే జాగ్రత్తగా కొయ్యాలి, బ్లేడు ఎప్పుడూ మీ బొటనవేలికి ఎదురుగా రాకూడదు.

పట్టీని లావు తీగ వైపు నుంచి పెడతాం కాబట్టి అది ఆరో తీగ మీదుగా వెళ్లి ఐదు, నాలుగు, మూడు తీగల్ని నొక్కుతుంది. ఆరో తీగ పైన రబ్బరు మొత్తం తీసెయ్యాలి. నొక్కిన తీగలు ఫ్రెట్‌కి ఆనుకుని కింద ఉంటాయి, వదిలేసిన తీగ వాటికంటే పైన తేలుతూ ఉంటుంది, పైగా ఆరో తీగ లావు కూడా ఎక్కువ, కాబట్టి రబ్బరులో చిన్న గాడి పెడితే చాలదు. రబ్బరంతా తీసినా ఇంకా తగులుతుంటే, ఆ చోట పట్టీ అడుగుని చదునైన ఆకురాయితో కొద్దిగా అరగదీయండి. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంతకంటే వద్దు. అల్యూమినియం పట్టీ అయితే మెత్తగా అరుగుతుంది. చవక రకాల్లో కొన్ని జింకు పోతవి, అవి పెళుసు, మందంలో నాలుగో వంతు కంటే ఎక్కువ తీస్తే స్ప్రింగు ఒత్తిడికి ఒకరోజు పుటుక్కుమంటాయి. ఆకురాయి పని గిటార్ దగ్గర చెయ్యకండి, ఆ పొడి పాలిష్ మీద పడి తుడిస్తే గీతలు పడతాయి. పని అయ్యాక కాపోని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి అప్పుడు పెట్టండి.

అవతలి కొస సంగతి. రెండు, ఒకటో తీగల మీద రబ్బరు తీసేశారు, మెటల్ పట్టీ మాత్రం పైన వేలాడుతూ ఉంది. మోతకి అడ్డం లేదు, కానీ వేళ్లకి అడ్డం. ఆ తీగల మీద రెండో ఫ్రెట్ నొక్కాలంటే వేలు పట్టదు. రాగం వాయించేవాళ్లకి ఆ ఫ్రెట్ కావాలి, షడ్జమం తర్వాత రిషభం అక్కడే ఉంది. కాబట్టి వైస్‌లో బిగించి హాక్సాతో మూడో తీగ దాటాక పట్టీని కోసెయ్యండి, కోసిన అంచు సాండ్ పేపర్‌తో నున్నగా చెయ్యండి, లేకపోతే చూపుడువేలు గీసుకుపోతుంది. కార్డులు మాత్రమే వేసుకునేవాళ్లకి ఈ కోత అక్కర్లేదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు, ఒకే పనస దుంగని తొలిచి, మెట్లని మైనంలో నిలబెట్టి. ఆ పని ఏదీ ఒక్క దెబ్బకి కాదు. కొంచెం సవరించడం, మీటడం, వినడం, మళ్లీ సవరించడం. మన పని దాని ముందు చాలా చిన్నది, కానీ పద్ధతి అదే పెట్టుకోండి. ప్రతి కోతకీ కాపో పెట్టి ఆరు తీగలూ విడివిడిగా మీటండి. డబ్ మంటే ఆ తీగకి ఏదో తగులుతోంది. జుయ్ మంటే ఆ తీగ సరిగ్గా నొక్కుకోలేదు. చెవికి అనుమానంగా ఉంటే న్యూస్ పేపర్ సన్నగా చింపి వదిలేసిన తీగకీ పట్టీకీ మధ్య దూర్చండి, అడ్డం లేకుండా అటూ ఇటూ జరగాలి. ఆ మాత్రం సందు చాలు, ఎందుకంటే తీగ ఊపు నడిమధ్యలో ఎక్కువ, రెండో ఫ్రెట్ దగ్గర బాగా తక్కువ. ఆఖరున ఆరో తీగని బలంగా ఒక్కసారి కొట్టి చూడండి, అప్పుడూ తగలకపోతే పని అయినట్టే.

ఇంకొక విషయం, రెండో ఫ్రెట్‌కి కోసిన కాపో ఏడో ఫ్రెట్‌కి అంతే సరిగ్గా సరిపోదు. పైకి వెళ్లేకొద్దీ తీగల మధ్య ఎడం పెరుగుతుంది, ఏడో ఫ్రెట్ దగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు దాటుతుంది. మూడు తీగల ముక్కకి ఇది పెద్ద ఇబ్బంది కాదు, కానీ మధ్యలో ఏదో ఒక్క తీగ వదలడానికి గాడి పెట్టేవాళ్లు ఆ గాడిని ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంచుకోవాలి.

కొయ్యడానికి మనసొప్పకపోతే తల్లకిందులుగా ఆలోచించండి. తీసెయ్యడం మాని అతికించండి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు మూడు తీగల పొడవుకి కోసి, ఒకదాని మీద ఒకటి పంచర్ సొల్యూషన్‌తో అతికిస్తే రబ్బరు మీద ఒక మెట్టులా లేస్తుంది. ఆ మెట్టు మూడు తీగల్ని నొక్కుతుంది, మిగతా పట్టీ పైన గాల్లో ఉంటుంది. మూడు మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా వెయ్యండి. నచ్చకపోతే పీకేస్తే కాపో ఎప్పటిలాగే ఉంటుంది. హవాయి చెప్పు ముక్క వాడమని కొందరు చెప్తారు, నేను వాడి చూశాను, అది మరీ మెత్తన, తీగ అందులోకి దిగిపోయి మోత చచ్చిపోతుంది. పెన్సిలు పెట్టి రబ్బరు బ్యాండు చుట్టే చిట్కా కూడా ఉంది కదా, పూర్తి కాపోకి అది పనికొస్తుంది, సగం కాపోకి పనికిరాదు. పెన్సిలు ముక్క మూడు తీగల మీదే ఉన్నా, బ్యాండు మెడ చుట్టూ తిరిగి వచ్చేటప్పుడు వదిలేసిన తీగల్ని కూడా తాకుతుంది, తాకితే ఇక మోగవు.

ఇప్పుడు శ్రుతి. సగం కాపో పెట్టి "బాగోలేదు" అని పక్కన పడేసేవాళ్లలో ఎక్కువమందికి అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. కాపో గట్టిగా నొక్కితే తీగ సాగుతుంది, సాగితే స్వరం కొంచెం పైకి వెళ్తుంది. మామూలు కాపోతో ఆరు తీగలూ కాస్త అటూ ఇటూగా కలిసే పైకి వెళ్తాయి, కాబట్టి చెవి క్షమిస్తుంది. సగం కాపోతో మూడు తీగలు పైకి వెళ్తాయి, మూడు ఉన్నచోటే ఉంటాయి. పైగా నాలుగో తీగ ఇ, ఆరో తీగ ఇ, ఒకటో తీగ ఇ, ఒకే స్వరం మూడు స్థాయిల్లో పక్కపక్కన మోగుతుంటే వెంట్రుకవాసి తేడా కూడా వణుకులా వినిపిస్తుంది. ఎందుకిలా అవుతోందో తెలియక గిటార్ మీద, తీగల మీద అనుమానం పెంచుకుంటారు.

చెయ్యాల్సింది ఇది. ముందు కాపో లేకుండా గిటార్ శుభ్రంగా ట్యూన్ చెయ్యండి. తర్వాత కాపో పెట్టండి, ఫ్రెట్ మీద కాదు, దానికి వెనక రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, దానికి సమాంతరంగా. రెండు ఫ్రెట్ల మధ్యలో పెడితే తీగ ఎక్కువ సాగుతుంది, వంకరగా పెడితే ఒక తీగ ఎక్కువా ఇంకొకటి తక్కువా సాగుతుంది. మూడు తీగల కాపోకి ఆనడానికి చోటు తక్కువ కాబట్టి అది వంగే గుణం ఎక్కువ, పెట్టాక ఒకసారి పక్క నుంచి చూసుకోండి. ఇప్పుడు నాలుగో తీగనీ ఆరో తీగనీ కలిపి మీటండి. వణుకు ఉంటే మర మీదకి వెళ్లకండి, ముందు కాపో తీసి మళ్లీ పెట్టండి, సగంసార్లు దానితోనే సర్దుకుంటుంది. అప్పటికీ ఉంటే ఐదు, నాలుగు, మూడు తీగల్ని కాపో ఉండగానే కాస్త దించి కలపండి. ముందుకి ఏ ఫ్రెట్ నొక్కినా ఆ సవరణ పనిచేస్తుంది. కాపో తీశాక మాత్రం ఆ మూడూ కొంచెం కిందకి ఉంటాయి, తర్వాతి పాటకి ముందు మళ్లీ ట్యూన్ చేసుకోవాలి. మా వైపు చర్చిల్లో గిటార్ వాయించే కుర్రాళ్లు పాటకీ పాటకీ మధ్య కాపో పెడుతూ తీస్తూ ఉంటారు, వాళ్లు క్లిప్ ట్యూనర్ ఒకటి తల మీద పెట్టే ఉంచుకోవడం మంచిది. స్ప్రింగు మరీ బలంగా ఉన్న కాపోతో ఎంత చేసినా తీగ సాగుతుంటే, మర తిప్పి బిగింపు తగ్గించుకునే రకం కాపోని కోసుకోండి.

వాయించడానికి వద్దాం. ఫ్రెట్ అంకెలన్నీ గిటార్ తల దగ్గర మొదలుపెట్టి లెక్కవేసినవే, కాపో నుంచి కాదు. ఇ కార్డ్ కోసం మూడో తీగ నాలుగో ఫ్రెట్, ఒకటో తీగ నాలుగో ఫ్రెట్ నొక్కి అన్నీ మీటండి. ఎ కోసం ఆరో తీగ ఐదో ఫ్రెట్ ఒక్కటి నొక్కితే చాలు, ఒక్క వేలితో ఎ సస్ టూ, అంటే గాంధారం బదులు రిషభం ఉన్న ఎ కార్డ్, ఖాళీ బి తీగ దాని మీద మెరుస్తుంది. ఆ వేలికి తోడు ఐదో తీగ నాలుగో ఫ్రెట్ కూడా నొక్కితే ఎ కి గాంధారమైన సి షార్ప్ కలిసి ఇంకా నిండుగా ఉంటుంది. బి కోసం నాలుగు, మూడు తీగలు నాలుగో ఫ్రెట్, ఐదో తీగ నుంచి మీటండి, బి సస్ ఫోర్ వస్తుంది. అదే రెండు వేళ్లని అలాగే ఆరో ఫ్రెట్‌కి జరిపి ఐదో తీగ మీద నాలుగో ఫ్రెట్‌లో చూపుడువేలు పెట్టండి, సి షార్ప్ మైనర్ సెవెంత్. ఒకటి, రెండు తీగల్ని ఇ కార్డ్‌లో తప్ప ఎక్కడా ముట్టుకోలేదు గమనించారా, అవి బి, ఇ అని మోగుతూనే ఉంటాయి, కార్డులు వాటి కింద మారుతుంటాయి. ఈ నాలుగు కార్డులతో ఇ శ్రుతిలో ఎన్ని పాటలు నడుస్తాయో మీరే చూస్తారు. చెయ్యకూడనిది కూడా చెప్పాలి: ఎఫ్ షార్ప్ మైనర్‌కి ఆరో తీగ రెండో ఫ్రెట్ కావాలి, అక్కడ కాపో పట్టీ కూర్చుని ఉంది. ఆ కార్డ్ ఎక్కువగా వచ్చే పాటకి మూడు తీగల కాపో పెట్టకండి, మొదట చెప్పిన ఐదు తీగల పద్ధతికి వెళ్లండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం కార్డులు కాదు, రాగం. బొటనవేలితో ఆరు, ఐదు, నాలుగు తీగల్ని నెమ్మదిగా స-ప-స అని మీటుతూ, ఒకటో తీగ మీద మోహన వాయించండి: ఖాళీ తీగ సా, రెండో ఫ్రెట్ రీ, నాలుగు గా, ఏడు పా, తొమ్మిది దా, పన్నెండు పై సా. కిందకి దిగాలంటే రెండో తీగ ఖాళీ మంద్ర పా, దాని రెండో ఫ్రెట్ దా. మోహనలో మధ్యమం లేదు, మూడో తీగ ఖాళీగా మోగేది మధ్యమమే, కాబట్టి దాన్ని బొటనవేలు ముట్టుకోకూడదు. హంసధ్వనికీ అంతే. శంకరాభరణం, హరికాంభోజి, ఖరహరప్రియ లాంటి శుద్ధ మధ్యమ రాగాలకి ఆ తీగని సందర్భం చూసి మోగించవచ్చు. కల్యాణికి వద్దు, అందులో ప్రతి మధ్యమం ఉంది, అది మూడో తీగ మూడో ఫ్రెట్‌లో దొరుకుతుంది, ఖాళీ తీగతో కలిస్తే రెండూ గుద్దుకుంటాయి. ఇవన్నీ పుస్తకంలో చదివినవి కావు, మా మేనకోడలు పక్కన కూర్చుని "అది వద్దు మావయ్యా" అన్నప్పుడల్లా నేర్చుకున్నవి.

గాయకుల శ్రుతికి తగ్గట్టు మార్చుకోవాలంటే రెండు కాపోలు పెట్టాలి. సగం కాపోతో మనకి వచ్చింది ఇ, సి ని ఒకటి అనుకునే మన లెక్కలో మూడు శ్రుతి. పూర్తి కాపో ఒకటో ఫ్రెట్‌లో, సగం కాపో మూడో ఫ్రెట్‌లో పెడితే నాలుగు శ్రుతి. పూర్తిది మూడులో, సగం ఐదులో అయితే ఐదు శ్రుతి, ఆడపిల్లల గొంతుకి తరచుగా సరిపోయేది అదే. మగ గొంతు ఒకటి శ్రుతికి ఈ దారిలో వెళ్తే ఫ్రెట్లు అయిపోతాయి. దానికి వేరే కిటుకు ఉంది. అదే మూడు తీగల కాపోని తిప్పి సన్న తీగ వైపు నుంచి పెడితే ఒకటో తీగ వదిలి రెండు, మూడు, నాలుగు తీగల్ని పట్టుకుంటుంది. రెండో ఫ్రెట్‌లో అలా పెడితే వేలు పెట్టకుండానే ఎ మేజర్ కార్డ్ మోగుతుంది. చిన్నపిల్లలకి గిటార్ చేతికిచ్చి మొదటిరోజే పాట వాయించేలా చెయ్యడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు. ఇప్పుడు పూర్తి కాపో మూడులో, ఈ తిప్పిన కాపో ఐదులో పెడితే సి మేజర్, అంటే ఒకటి శ్రుతి. రెండింటినీ ఇంకో ఫ్రెట్ జరిపితే ఒకటిన్నర.

కొనుక్కుంటాను అనేవాళ్లకి నాలుగు ముక్కలు. షబ్ వాళ్ల సి7బి, కైజర్ వాళ్ల షార్ట్ కట్, రెండూ మూడు తీగల కాపోలే, పైన చెప్పినట్టు రెండు వైపుల నుంచీ పెట్టుకోవచ్చు. ఐదు తీగలవి విడిగా దొరుకుతాయి. థర్డ్ హ్యాండ్ కాపోకి ఒక్కో తీగకి ఒక్కో రబ్బరు బిళ్ల, తిప్పితే నొక్కుతుంది, తిప్పితే వదులుతుంది. స్పైడర్ కాపోకి ఆరు చిన్న వేళ్లు. ఏ తీగ కావాలంటే ఆ తీగ పట్టుకోవాలనే కోరిక ఉన్నవాళ్లకి ఈ చివరి రెండూ. అమెరికా గాయకుడు డేవిడ్ విల్‌కాక్స్ ఎన్నో ఏళ్లుగా మామూలు కాపోలకి గాట్లు కోసుకునే వాయిస్తున్నాడు, కాబట్టి ఇంట్లో కోసుకున్నది తక్కువరకం అనుకోకండి.

మన సముద్రపు గాలికి రబ్బరు త్వరగా బిరుసెక్కి గాట్లు పడుతుంది, ఆ గాట్లలోకి తీగ పక్కకి జారి శ్రుతి తప్పుతుంది. ఆరు నెలలకోసారి రబ్బరు మీద సాండ్ పేపర్ ఒక పూత తిప్పండి. రాత్రి కాపోని మెడకే వదిలెయ్యకండి, తల భాగానికి తగిలించుకోండి.

వీణతో కలిపి వాయించాలనుకునేవాళ్లకి ఒక మాట. మా మేనకోడలి వీణ రెండున్నర శ్రుతి. దానికోసం నేను ఆరు తీగల్నీ అర స్వరం, అంటే ఒక ఫ్రెట్ అంత, కిందకి దించి, అప్పుడు రెండో ఫ్రెట్‌లో సగం కాపో పెడతాను, ఆరో తీగ సరిగ్గా తన షడ్జమంలో కలుస్తుంది. తీగలు వదులైన కొద్దీ కాపో వాటిని ఇంకాస్త ఎక్కువ సాగదీస్తుంది, కాబట్టి ఆ రోజు నాలుగో తీగని ఆరో తీగతో రెండుసార్లు సరిచూసుకుని, ఆ తర్వాతే తనని మొదలుపెట్టమంటాను.